మొదటి మోడల్ రైలుమార్గం: ఖాళీ బల్ల నుంచి ఆగకుండా నడిచే బండి దాకా

మోడల్ రైళ్లు మొదలుపెట్టిన పిల్లలు మధ్యలో వదిలేస్తే, చాలాసార్లు దానికి కారణం ఓపిక లేకపోవడం కాదు. బండి సరిగా నడవదు. ప్రతి చుట్టుకూ అదే చోట చక్రం పట్టా దిగిపోతుంటే, వేలితో తోస్తే తప్ప ఇంజను కదలకపోతుంటే ఎవరికైనా విసుగొస్తుంది. ఆపాటికే కొండలు, చెట్లు అంటించేసి ఉంటారు కాబట్టి పట్టా ఊడదీసి సరిచేయడానికి మనసొప్పదు. అందుకే ఈ పద్ధతిలో అందచందాలన్నీ చివరికి వస్తాయి. ముందు బల్ల, తర్వాత పట్టా, తర్వాత కరెంటు, ఆపైన పరీక్ష. పరీక్ష నెగ్గాకే జిగురు సీసా మూత తియ్యాలి.

కొలతలన్నీ ఒక చిన్న బల్లకు సరిపోయేలా ఇస్తున్నాం: పొడవు 1220 మి.మీ., వెడల్పు 760 మి.మీ. ఇద్దరు ఎత్తి గోడకు ఆనించి పెట్టేయొచ్చు. పన్నెండేళ్ల లోపు వాళ్లకు కోత, సోల్డరింగ్ పనుల దగ్గర పెద్దవాళ్లు పక్కన ఉండాలి. మిగతాదంతా సొంతంగా చేసుకోగలరు.

స్కేలు, గేజ్

స్కేలు అంటే అసలు బండిని ఎన్నో వంతుకు తగ్గించారన్నది. గేజ్ అంటే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం. ఈ రెండింటినీ ఒకటే అనుకుని కొంటే ఇంటికొచ్చాక పొరపాటు తెలుస్తుంది. ఎక్కువమంది వాడేవి రెండు. హెచ్‌ఓ: 1:87 స్కేలు, 16.5 మి.మీ. గేజ్. ఎన్: 1:160 స్కేలు, 9 మి.మీ. గేజ్. బ్రిటిష్ బండ్లకు ఓఓ అని మరొకటి ఉంది. దాని స్కేలు 1:76, పట్టా మాత్రం హెచ్‌ఓదే. బ్రిటిష్ ఎన్ బండ్లు 1:148లో వస్తాయి, జపాన్‌వి ఎక్కువగా 1:150లో. పట్టా అదే 9 మి.మీ. కాబట్టి అన్నీ దానిమీదే నడుస్తాయి, కానీ పక్కపక్కన నిలబెడితే ఒకటి లావుగా ఒకటి సన్నగా కనిపిస్తుంది.

తేడా ఊహకు అందాలంటే ఇలా చూడండి. 1.7 మీటర్ల మనిషి హెచ్‌ఓలో 19.5 మి.మీ. ఉంటాడు, ఎన్‌లో 10.6 మి.మీ. 20 మీటర్ల పెట్టె హెచ్‌ఓలో 230 మి.మీ., ఎన్‌లో 125 మి.మీ. మీ దగ్గర ఉన్న జాగా, మీ వేళ్ల నేర్పు రెండూ చూసుకుని ఎంచుకోండి. ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లల చేతికి హెచ్‌ఓ నయం. ఎన్ బండి చక్రాలు పట్టాల మీద కూర్చోబెట్టడం వాళ్లకు కష్టం, బండ్లను ఒకదానికొకటి తగిలించే చిన్న కప్లింగ్‌లు త్వరగా విరుగుతాయి. పెద్ద పిల్లలకు, చిన్న గదులకు ఎన్ మంచిది. ఈ బల్లను ఎన్‌కే లెక్కవేశాం.

ఎందుకో వంపుల లెక్క చూస్తే అర్థమవుతుంది. వంపు వ్యాసార్ధం మీ దగ్గరున్న అతి పొడవైన బండికి మూడు రెట్లు ఉంటే బండి నమ్మకంగా తిరుగుతుంది. రెండు రెట్ల దగ్గరికొస్తే పెట్టెల మూలలు బయటికి పొడుచుకొస్తాయి, కప్లింగ్‌లు పక్కకు లాగుతాయి, తేలికైన పెట్టె లోపలికి ఒరిగి దిగిపోతుంది. హెచ్‌ఓలో 457 మి.మీ. వ్యాసార్ధం 150 మి.మీ. వ్యాగన్లకు సరిపోతుంది. కానీ ఆ గుండ్రటి మార్గానికే బల్ల 1050 మి.మీ. కన్నా వెడల్పు ఉండాలి. ఎన్‌లో 282 మి.మీ. వ్యాసార్ధం 94 మి.మీ. పొడవు వరకు ఉన్న వ్యాగన్లకు హాయిగా సరిపోతుంది, 760 మి.మీ. వెడల్పులో ఇమిడిపోతుంది. 125 మి.మీ. పెట్టెలు దీనిమీద తిరుగుతాయి గానీ వంపులో చూడ్డానికి అంత బాగుండవు. మొదటి బండిగా పొట్టి ఇంజను, పొట్టి వ్యాగన్లు తీసుకోండి. ఇంజను పెట్టె మీద రాసిన కనీస వ్యాసార్ధం చూడకుండా మాత్రం కొనొద్దు.

తెచ్చుకోవలసినవి

పట్టాకు మా సలహా: కంకర ఆకారం ప్లాస్టిక్‌లో ముందే పోతపోసి, టక్కున ఒకదానిలో ఒకటి బిగుసుకునే రకం తీసుకోండి. కటో కంపెనీ యూనిట్రాక్ ఆ రకమే, కింది కొలతలు దానివే. ఊడదీసి మళ్లీ మళ్లీ పేర్చుకోవచ్చు కాబట్టి నేర్చుకునే దశలో దీనికి మించింది లేదు. వంచుకోదగ్గ ఫ్లెక్స్ ట్రాక్ అందంగా ఉంటుంది, చవక కూడా. కానీ కోయడం, ఆకురాయితో అంచు సాపు చేయడం, వంపులో అతుకు సూటిగా సోల్డర్ చేయడం వచ్చాకే దాని జోలికి వెళ్లాలి.

- 282 మి.మీ. వ్యాసార్ధం, 45 డిగ్రీల వంపు ముక్కలు: 8
- 248 మి.మీ. నిటారు (వంపు లేని) ముక్కలు: 3
- 186 మి.మీ. పొడవున్న ఎడమ పాయింటు, అంటే బండిని పక్కదారికి మళ్లించే ముక్క (6వ నంబరు): 1, దాని పక్కకు 62 మి.మీ. ముక్క: 1
- సైడింగ్‌కు, అంటే వ్యాగన్లు నిలిపే పక్కదారికి, 718 మి.మీ. వ్యాసార్ధం, 15 డిగ్రీల వంపు ముక్క: 1, 124 మి.మీ. నిటారు ముక్క: 1, చివరన బండిని ఆపే 62 మి.మీ. బఫర్ ముక్క: 1
- తీగలున్న జాయినర్లు (పట్టాల చివర్లను కలిపే లోహపు తొడుగులు): 2 జతలు
- 12 వోల్టుల డీసీ కంట్రోలర్, ఒక ఇంజను, మూడు వ్యాగన్లు
- మల్టీమీటర్, 90 శాతం లేదా అంతకు మించిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు రాలని గుడ్డ, స్పిరిట్ లెవల్, సన్నమూతి పట్టకారు

మల్టీమీటర్ అక్కర్లేదని చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే కరెంటు తంటాలన్నీ ఊహల మీదే నడుస్తాయి. ఒక వ్యాగన్ తగ్గించుకునైనా సరే, దాన్ని కొనండి.

బల్ల

18 × 45 మి.మీ. చెక్క పట్టీలతో 1220 × 760 చట్రం కట్టండి. ప్రతి 400 మి.మీ.కు ఒక అడ్డపట్టీ వేయండి. పైన 9 మి.మీ. ప్లైవుడ్ స్క్రూలతో బిగించి, దానిమీద 25 మి.మీ. గట్టి ఇన్సులేషన్ ఫోమ్ పలక పరచండి. పూసలు పూసలుగా రాలే తెల్ల థర్మాకోల్ వద్దు. అది నొక్కితే దిగబడుతుంది, కోస్తే ఇల్లంతా ఎగురుతుంది, ఆ పూసలు ఇంజను గేర్లలో దూరతాయి. ఫోమ్ అంటించడానికి తెల్ల జిగురు చాలు. ఘాటు వాసన వచ్చే సాల్వెంట్ జిగురు ఫోమ్‌ను కరిగించి గుంటలు పెడుతుంది. జిగురు పూశాక పుస్తకాల బరువు పెట్టి ఒక రోజంతా వదిలేయండి. గాలి చొరని రెండు పలకల మధ్య తెల్ల జిగురు నెమ్మదిగా ఆరుతుంది.

ఆరాక లెవల్ రెండు దిక్కులా పెట్టి చూడండి. బల్ల ఒకవైపు వాలి ఉంటే సైడింగ్‌లో వదిలిన వ్యాగన్లు వాటంతటవే మెయిన్‌లైన్ మీదికి దొర్లుకొస్తాయి. పొడవాటి స్కేలు అంచును పట్టా వచ్చే దారి పొడవునా ఆనించండి. కింద సందు కనిపించే చోట ఫోమ్‌ను గరుకు కాగితంతో రుద్ది సమం చేయండి. ఈ అరగంట పని తర్వాత ఎన్నో సాయంత్రాలను కాపాడుతుంది.

పట్టా పేర్చడం

ముందు పెన్సిల్‌తో బల్ల మధ్యరేఖలు గీయండి. రెండు చివర్లా నాలుగేసి వంపు ముక్కలు, వాటి మధ్య రెండువైపులా 496 మి.మీ. నిటారు దారి. ఒకవైపు రెండు 248 ముక్కలు. రెండోవైపు ఒక 248 ముక్క, మిగతా 248 బదులు పాయింటు, 62 ముక్క. 186కి 62 కలిపితే సరిగ్గా 248. ఇలా అయితే మార్గం 1060 పొడవు, 564 వెడల్పు వస్తుంది. ప్లాస్టిక్ కంకర మెట్టతో కలుపుకున్నా అంచు నుంచి కనీసం 65 మి.మీ. జాగా మిగులుతుంది. బండి దిగిపోతే నేల మీద పడకుండా ఆ జాగానే కాపాడుతుంది. 50 మి.మీ. కన్నా తగ్గనివ్వొద్దు.

పాయింటును, బండి గడియారం ముల్లుకు ఎదురుదిక్కులో తిరిగేటప్పుడు వంపు దాటి నిటారు దారిలోకి రాగానే తగిలేలా పెట్టండి. ఆ దిక్కులో మార్గం లోపలివైపు ఎడమ అవుతుంది, ఎడమ పాయింటు తీసుకున్నది అందుకే. పాయింటు ఎడమ కొమ్మకు 718 వంపు ముక్కను తిరగేసి తగిలిస్తే సైడింగ్ మెయిన్‌లైన్‌కు 49 మి.మీ. దూరంలో సమాంతరంగా వస్తుంది. దానికి 124, ఆ తర్వాత బఫర్.

ముక్కలు కలిపేటప్పుడు చాలా తప్పులు జరుగుతాయి. లోహపు జాయినర్‌లోకి పట్టా చివర దూరాలి. అది దూరకుండా పైకెక్కి కూర్చుంటే కంటికి అతుకు బాగానే కనిపిస్తుంది, చక్రానికి మాత్రం మెట్టులా తగులుతుంది. ప్రతి అతుకు మీద గోరు అడ్డంగా జరపండి. గోరు తట్టుకుంటే ఊడదీసి మళ్లీ కలపండి. రెండు ముక్కల్ని మెలితిప్పి కాకుండా బల్ల మీద చదునుగా పెట్టి ఎదురెదురుగా తోయాలి. ఊడదీసేటప్పుడు కూడా అంతే. పైకి వంచితే జాయినర్ నోరు తెరుచుకుని తర్వాత వదులవుతుంది.

చివరి ముక్క ఇరుక్కుని బలవంతంగా దూర్చాల్సి వస్తోందంటే ఎక్కడో తప్పు ముక్క పడిందన్నమాట. 62 బదులు 64 మి.మీ. ముక్క పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు, ఆ రెండూ అమ్మకంలో ఉన్నాయి. బలవంతం చేస్తే ఆ ఒత్తిడి బలహీనమైన ఇంకో అతుకు దగ్గర తేలుతుంది.

ఎత్తుపల్లాలు మొదటి బల్లకు వద్దు. ఎన్‌లో ఒక దారి మీదుగా ఇంకో దారి దాటాలంటే దాదాపు 50 మి.మీ. ఎత్తు కావాలి. 2 శాతం వాలుతో అంత ఎక్కడానికి 2.5 మీటర్ల దారి పడుతుంది. మన మార్గం మొత్తం చుట్టుకొలతే 2.76 మీటర్లు, ఎక్కినదాన్ని దించడానికి చోటెక్కడ? 4 శాతానికి పెంచితే పొట్టి ఇంజను రెండు వ్యాగన్లతోనే జారడం మొదలుపెడుతుంది.

కరెంటు

మామూలు డీసీ పద్ధతిలో ఒక పట్టాకు ప్లస్, రెండో పట్టాకు మైనస్ వెళ్తాయి. ఇంజను చక్రాలు ఆ రెండింటి నుంచి కరెంటు తీసుకుంటాయి. వోల్టేజి పెరిగితే వేగం పెరుగుతుంది, ప్లస్ మైనస్ తారుమారైతే దిక్కు మారుతుంది. పట్టాలకు వెళ్లేది 12 వోల్టుల లోపే కాబట్టి చేతికి ప్రమాదం లేదు. గోడ ప్లగ్గు నుంచి కంట్రోలర్‌కు వచ్చే భాగాన్ని మాత్రం ఎప్పుడూ విప్పకండి, తడి చేతులతో ముట్టకండి. పనిచేయని కంట్రోలర్‌ను బాగుచేయడం పిల్లల పని కాదు.

తీగలున్న జాయినర్ ఒక జత ముందువైపు నిటారు దారిలో, రెండో జత సరిగ్గా ఎదురువైపు పెట్టండి. ఒక్క జతతోనూ బండి నడుస్తుంది. కానీ దూరం పెరిగేకొద్దీ ప్రతి జాయినర్ దగ్గరా కొంచెం కొంచెం వోల్టేజి పోతుంది, బండి ఆ మూలకు వెళ్లి నీరసిస్తుంది. రెండు జతల్లోనూ బయటి పట్టాకు ఒకే రంగు తీగ, లోపలి పట్టాకు రెండో రంగు తీగ రావాలి. తారుమారైతే కంట్రోలర్ ఆన్ చేయగానే షార్ట్ అవుతుంది. ఫోమ్‌కు బెజ్జం పెట్టి తీగలు కిందికి దించి, బయటి తీగల పక్కన కాగితం ముక్క మీద 'బయట' అని రాసి అంటించండి. ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు.

సైడింగ్‌లో ఇంజను పెట్టి పాయింటును మెయిన్‌లైన్‌కు తిప్పితే ఇంజను కదలదు. కంగారు పడకండి, అది లోపం కాదు. ఈ రకం పాయింటు తాను ఏ దారికి తిరిగి ఉందో ఆ దారికే కరెంటు పంపుతుంది. రెండో ఇంజను కొన్నాక ఇదే మీకు వరం. ఒకటి సైడింగ్‌లో నిద్రపోతుంటే ఇంకొకటి తిరుగుతుంది.

ఒక్క ఆకారం మాత్రం రెండు పట్టాల పద్ధతిలో ఊరికే పనిచేయదు: బయల్దేరిన దారికే తిరిగొచ్చి ఎదురుగా కలిసే ఉచ్చు. కాగితం మీద గీసి, ఎడమ పట్టాను ఎర్ర పెన్నుతో దిద్దుకుంటూ వెళ్లండి. ఉచ్చు తిరిగొచ్చేసరికి ఎర్రగీత కుడి పట్టాను తాకుతుంది. ప్లస్, మైనస్ కలిసిపోయినట్టే, అంటే షార్ట్. దానికి రెండు పట్టాల్లోనూ ఇన్సులేటెడ్ జాయినర్లు పెట్టి ఆ ఉచ్చును వేరుచేసి, ప్రత్యేకమైన స్విచ్ పెట్టాలి. మేర్క్లిన్ కంపెనీ హెచ్‌ఓ పద్ధతిలో ఈ తంటా రాదు. అక్కడ రెండు పట్టాలూ ఒకే ధ్రువం, రెండో ధ్రువం స్లీపర్ల మధ్య వరుసగా ఉన్న చిన్న లోహపు బొడిపెల నుంచి వస్తుంది. ఏ కొత్త ప్లాను గీసినా ఈ ఎర్రపెన్ను పరీక్ష చేశాకే ముక్కలు కొనండి.

నడిపి చూడటం

కొత్త ఇంజనుకు ఏమీ తగిలించకుండా సగం వేగంతో అరగంట ముందుకు, అరగంట వెనక్కి తిప్పండి. గేర్లు, బ్రష్‌లు సర్దుకుంటాయి. తర్వాత వ్యాగన్లు తగిలించి పది చుట్లు లాగించండి, ఆపైన పది చుట్లు వెనక్కి తోయించండి. అసలు పరీక్ష తోయడంలోనే ఉంది. లాగేటప్పుడు దాగిన లోపాలన్నీ అప్పుడు బయటపడతాయి.

వేగం కూడా కొలుచుకోండి. ఎన్‌లో గంటకు 60 కి.మీ. అంటే బల్ల మీద సెకనుకు 10.4 సెం.మీ. మన చుట్టు తిరగడానికి 26 లేక 27 సెకన్లు పట్టాలి. మొదటిసారి గడియారం పెట్టి చూస్తే ఇంత నెమ్మదా అనిపిస్తుంది. కొత్తవాళ్లు పది సెకన్లలో తిప్పేస్తుంటారు. అది గంటకు 160 కి.మీ. వేగం, మామూలు గూడ్సు బండి అందుకోని వేగం.

బండి దిగిపోతే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఒకే చోట వేర్వేరు బండ్లు దిగుతున్నాయా, వేర్వేరు చోట్ల ఒకే బండి దిగుతోందా? మొదటిదైతే తప్పు పట్టాది, రెండోదైతే తప్పు ఆ బండిది. ఇది తేలకుండా అక్కడో దెబ్బ ఇక్కడో దెబ్బ వేస్తే ఉన్నది కూడా చెడుతుంది.

పట్టా తప్పయితే అతుకు మెట్టు, బల్ల వంకర, పాయింటు నాలుక (దారి మార్చడానికి కదిలే పట్టా ముక్క) పూర్తిగా ఆనకపోవడం, ఈ మూడింట్లో ఒకటి అయి ఉంటుంది. పాయింటు నాలుకకు, పక్క పట్టాకు మధ్య ఒక్క కంకర గింజ చాలు, చక్రం అంచు ఆ సందులో దూరుతుంది. అక్కడ మెత్తటి బ్రష్‌తో తుడవండి.

బండి తప్పయితే మొదట చక్రాల జత మధ్య దూరం చూడాలి. అమెరికాలో 1935లో ఏర్పడిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ప్రమాణాలకు తగ్గట్టు చేసిన లోహపు గేజ్ పలక అమ్ముతారు. చక్రాల అంచులు దాని గాట్లలో సరిగ్గా కూర్చోవాలి. దగ్గరగా ఉంటే చక్రాన్ని ఇరుసు మీద కొంచెం తిప్పుతూ బయటికి లాగండి. తర్వాత బరువు చూడండి. అదే సంస్థ సిఫారసు ప్రకారం ఎన్ వ్యాగన్‌కు మొదటగా అర ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికి 0.15 ఔన్సు కావాలి. హెచ్‌ఓలో ఒక ఔన్సు, అంగుళానికి మరో అర ఔన్సు. అంటే 4 అంగుళాల ఎన్ వ్యాగన్ 31 గ్రాములు తూగాలి, 6 అంగుళాల హెచ్‌ఓ వ్యాగన్ 113 గ్రాములు. వంటింటి డిజిటల్ తూకం దీనికి సరిపోతుంది. తక్కువైతే వ్యాగన్ లోపల నేలకు దగ్గరగా, మధ్యలో చిన్న ఉక్కు నట్లు అంటించండి. పైకప్పు దగ్గర అంటిస్తే బండి ఒరుగుతుంది. సీసం ముక్కలు వాడొద్దు, అది విషం.

దిగకపోయినా కుంటుతూ, ఆగుతూ నడుస్తోందంటే నూటికి తొంభై పాళ్లు మురికే. గుడ్డకు ఆల్కహాల్ అద్ది పట్టాల తలలు తుడవండి, నల్లగా వస్తుంది. ఇంజను చక్రాలకు ఒక సులువు ఉంది. ఆల్కహాల్‌తో తడిపిన కాగితపు రుమాలు పట్టాల మీద పరచండి. ఇంజను ఒక కొస చక్రాలు రుమాలు మీద, రెండో కొస చక్రాలు పట్టా మీద ఉండేలా చేత్తో పట్టుకుని కంట్రోలర్ తిప్పండి. చక్రాలు అక్కడే తిరుగుతూ నల్లటి చారలు వదులుతాయి. చారలు రావడం ఆగాక ఇంజనును తిప్పి రెండో కొసను చేయండి. గరుకు కాగితంతో పట్టాలు రుద్దమని ఎవరైనా చెబితే వినకండి. ఒకసారి మెరుస్తాయి, తర్వాత ఆ సన్నటి గీతల్లో మురికి మునుపటికన్నా త్వరగా పేరుకుంటుంది.

తుడిచినా ఒకే మూల నీరసిస్తే మల్టీమీటర్ తీయండి. ఇంజను నడుస్తుండగా తీగలున్న చోట వోల్టేజి చూసి, నీరసించే చోట మళ్లీ చూడండి. అర వోల్టుకు మించి తేడా ఉంటే రెండింటి మధ్య ఏదో జాయినర్ వదులు. ఒక్కో అతుకుకూ ఇవతలా అవతలా కొలుస్తూ వెళ్తే వోల్టేజి ఎక్కడ పడిపోతోందో దొరికిపోతుంది. ఆ జాయినర్‌ను పట్టకారుతో మెల్లగా నొక్కండి, లేదా కొత్తది వేయండి.

నూనె విషయంలో చెయ్యి తొందరపడుతుంది. ప్లాస్టిక్‌కు హాని చేయని పలచటి నూనె, సూది మొనకు అంటుకున్నంత, ఇరుసు చివర ఒక్క చుక్క. ఎక్కువైతే అది చక్రాల మీదుగా పట్టాలకు చేరి, కరెంటు అందక బండి ఆగుతుంది, జారుతుంది. చాలా ఇంజన్లకు ఒకటి రెండు చక్రాలకు పట్టు కోసం రబ్బరు తొడుగులుంటాయి, వాటికి నూనె అస్సలు తగలకూడదు.

ఒక వారం పాటు రోజూ నడిపి, ఒక్కసారి కూడా దిగకుండా, ఆగకుండా తిరిగాకే పట్టాను బల్లకు స్థిరం చేయండి. మెట్ట కింద అక్కడక్కడా చిన్న బొట్లు చాలు. మొత్తం పూస్తే రేపు ప్లాను మార్చాలనుకున్నప్పుడు పట్టా విరుగుతుంది. పాయింటు కింద ఒక్క బొట్టు కూడా పెట్టొద్దు.

ఊరు, కొండ, చెట్లు

ముందు సైడింగ్‌కు ఫౌలింగ్ మార్కు పెట్టండి. రెండు దారుల మధ్యరేఖల దూరం 33 మి.మీ.కు తగ్గే చోట ఒక తెల్ల చుక్క. వ్యాగన్ ఆ చుక్క దాటి మెయిన్‌లైన్ వైపు నిలిస్తే వెళ్లే బండి దానికి రాసుకుంటుంది. ఆ గుర్తుకూ బఫర్‌కూ మధ్య 90 మి.మీ. వ్యాగన్లు మూడు పడతాయి.

నేలకు ముందుగా మట్టి రంగు నీటి పెయింటు వేయండి. రేపు గడ్డి ఎక్కడైనా పలచబడినా గులాబీ, నీలం ఫోమ్ తొంగిచూడదు. ఫోమ్ ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించి కత్తితో చెక్కితే గుట్ట తయారవుతుంది. కత్తి ఎప్పుడూ చేతికి అవతలి దిక్కుకే నడవాలి. మొద్దుబారిన బ్లేడు ఫోమ్‌ను చింపుతుంది, వేళ్ల మీదికీ జారుతుంది, కాబట్టి బ్లేడు మార్చడానికి వెనకాడకండి. సొరంగం పెట్టాలనిపిస్తే లోపల చెయ్యి అందేలా వెనకవైపు తెరిచే ఉంచండి. బండి దిగేది సొరంగంలోనే అనుకుని కట్టాలి. వంపులో పెట్టెల మూలలు బయటికి వస్తాయి కాబట్టి, మీ దగ్గరున్న అతి పొడవైన పెట్టెను చేత్తో తోసి చూసుకున్నాకే గోడ అంటించండి.

ఫ్లెక్స్ ట్రాక్ వేసినవాళ్లకు కంకర పని ఉంటుంది. పొడి కంకర పోసి, మెత్తటి బ్రష్‌తో స్లీపర్ల మధ్యకు సర్ది, నీళ్లలో కొంచెం ఆల్కహాల్ కలిపి పైనుంచి మంచులా చల్లాలి. తర్వాత తెల్ల జిగురు, నీళ్లు సగం సగం కలిపి, రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, ఇంకు ఫిల్లర్‌తో బొట్లు బొట్లుగా వదలాలి. తడపకుండా జిగురు వేస్తే బొట్టు ముత్యంలా నిలబడి కంకరను ఉండకట్టిస్తుంది. సబ్బు ఆ పట్టును విరిచి జిగురును అడుగుకు దించుతుంది. పాయింటు నాలుకల చుట్టూ మాత్రం కంకర పొడిపొడిగా ఒక పొర, జిగురు లేకుండా. ఒక రాత్రి కదపొద్దు.

ఇళ్లు కొననక్కర్లేదు. 1 మి.మీ. గట్టి అట్ట, లోహపు స్కేలు, కత్తి ఉంటే చాలు. రెండు మీటర్ల తలుపు ఎన్‌లో 12.5 మి.మీ., 12 మీటర్ల చెట్టు 75 మి.మీ. ఏ కొలతనైనా మిల్లీమీటర్లలోకి మార్చి 160తో భాగించండి. ఆకారాలకు నిజమైన స్టేషన్లే పాఠం. ఫొటోలు తీసుకోవడానికి ప్లాట్‌ఫాం అంచుకు దూరంగా నిలబడండి. పట్టాల మీదికి దిగకండి, రైలు రావడం లేదని నమ్మకం ఉన్నా సరే.

డీసీసీ, కోడింగ్

ఒకే దారి మీద రెండు ఇంజన్లను వేరువేరుగా నడపాలనిపించే రోజు వస్తుంది. దానికి డీసీసీ అనే డిజిటల్ పద్ధతి ఉంది. పట్టాల్లో ఎప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది, దానితోపాటే అంకెల రూపంలో ఆదేశాలు వెళ్తాయి. ప్రతి ఇంజనులోని డీకోడర్ అనే చిన్న సర్క్యూట్ తన నంబరుకు వచ్చిన ఆదేశాన్నే అందుకుంటుంది. కొత్త డీకోడర్ నంబరు మామూలుగా 3 ఉంటుంది. రెండు కొత్త ఇంజన్లు పెట్టగానే రెండూ కలిసి కదిలితే కారణం అదే. ఒకదాని నంబరు మార్చండి. డీకోడర్‌లో మార్చుకోదగ్గ సెట్టింగులను సీవీలు అంటారు: సీవీ 1లో నంబరు, సీవీ 3లో వేగం పుంజుకునే తీరు, సీవీ 4లో నెమ్మదించే తీరు ఉంటాయి. డీకోడర్ లేని ఇంజనును డీసీసీ పట్టాల మీద వదిలేయకండి. మోటారు గుయ్యిమంటూ వేడెక్కి కాలిపోవచ్చు.

కోడింగ్ నేర్చుకుంటున్న వాళ్లకు ఆర్డుయినో మెగా బోర్డు, మోటార్ షీల్డ్ మీద నడిచే డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. కంప్యూటర్ నుంచి నడపడానికి జేఎంఆర్‌ఐ కూడా ఉచితమే. ఈ రెండు సరదాలకూ పాత చుట్టరికం ఉంది. అమెరికాలోని ఎంఐటీలో 1946లో మొదలైన విద్యార్థుల మోడల్ రైల్‌రోడ్ క్లబ్బులో టెలిఫోన్ రిలేలతో సిగ్నళ్లు, పాయింట్లు నడిపే వలయం కట్టినవాళ్లే తర్వాత అక్కడి తొలి కంప్యూటర్ల దగ్గర చేరారు. 'హ్యాకర్' అన్న మాటకు కంప్యూటర్ అర్థం వచ్చింది ఆ బృందం వాడుక నుంచే. సిగ్నల్ ఎర్రగా ఉంటే ఆ ముక్కకు కరెంటు ఆగాలి అన్న చిన్న షరతును మీ బోర్డు మీద రాసి చూడండి.

బండితో పని చేయించడం

గుండ్రంగా తిరిగే బండిని ఎంతసేపని చూస్తారు? సైడింగ్ పెట్టినది షంటింగ్ కోసం, అంటే వ్యాగన్లను విడదీసి కలుపుతూ వరుస మార్చడం కోసం. మూడు వ్యాగన్లకు మూడు చీటీలు రాసి, కలిపి, వచ్చిన వరుసలో బండిని పేర్చండి. చెయ్యి తగలకూడదు, మెయిన్‌లైన్, సైడింగ్, పాయింటు మాత్రమే వాడాలి.

దీనికి రుచి మరిగితే రెండో బల్లగా ఇంగ్లెనుక్ అనే షంటింగ్ యార్డు కట్టండి. 1200 మి.మీ. పొడవు, 200 మి.మీ. వెడల్పున్న పలక, రెండు పాయింట్లు, మూడు సైడింగ్‌లు. ఒకదానిలో ఐదు వ్యాగన్లు పట్టాలి, మిగతా రెండింటిలో మూడేసి. ఇంజను వెనక్కి లాగే దారిలో ఇంజను, మూడు వ్యాగన్లు మాత్రమే పట్టాలి, అంతకన్నా పొడవు ఉంచొద్దు. ఎనిమిది వ్యాగన్లు యార్డులో పెట్టి, ఎనిమిది చీటీల్లోంచి ఐదు తీసి, ఆ వరుసలో ఐదు వ్యాగన్ల బండిని పెద్ద సైడింగ్‌లో తయారుచేయాలి. అలాంటి వరుసలు 6720 ఉన్నాయి. స్నేహితులు ఒకరు ఇంజను నడుపుతూ, ఇంకొకరు పాయింట్లు తిప్పుతూ ఆడొచ్చు. ఎన్ని కదలికల్లో పూర్తయిందో గోడ మీద రాసుకోండి.